ప్రయోగశాల నుంచి ఇంటి దాకా దారి వేయండి: దివ్యాంగుల సాధికారత విభాగానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర దివ్యాంగుల సాధికారత విభాగం కార్యదర్శి గారికి, విభాగం అధికారులందరికీ,

నమస్కారాలు.

మన ఐఐటీలు, వైద్య కళాశాలలు, పరిశోధన సంస్థలు దివ్యాంగుల కోసం తయారుచేస్తున్న పరికరాలు, రోబోలు ప్రయోగశాల దాటి మామూలు కుటుంబాల ఇళ్లలోకి రావడానికి మీ విభాగం ఏం చేయగలదో విన్నవించుకోవడానికి ఈ లేఖ రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక చిన్న పట్టణంలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. పక్షవాతం వచ్చినవారు, రోడ్డు ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిన్నవారు, సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన పిల్లలు, చిన్నప్పుడు పోలియో సోకి ఇప్పుడు యాభయ్యేళ్లు దాటినవారు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లకు పనికొచ్చే పరికరం ఈ దేశంలోనే తయారైందని తెలిసి కూడా, దాన్ని ఎక్కడ చూడాలో, ఎవరిని అడగాలో, పాడైతే ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలో చెప్పలేకపోవడం నన్ను రోజూ బాధపెట్టే సంగతి.

తయారు చేసే శక్తి మనకు లేదన్న మాట ఇక చెల్లదు. ఐఐటీ మద్రాసులో ఆచార్య సుజాత శ్రీనివాసన్ నాయకత్వంలో నడుస్తున్న పునరావాస పరికరాల పరిశోధన కేంద్రం టీటీకే సెంటర్, దాన్నే ఆర్‌2డీ2 అంటారు, 2019లో ‘అరైజ్’ అనే చక్రాల కుర్చీని బయటికి తెచ్చింది. అందులో కూర్చున్న మనిషి మోటారు అవసరం లేకుండా తన చేతులతోనే లేచి నిలబడగలడు, మళ్లీ కూర్చోగలడు. అప్పట్లో దాని ధర సుమారు 15,000 రూపాయలని ప్రకటించారు. రోజంతా కూర్చునే ఉండే మనిషికి రోజుకు కొంతసేపు నిలబడగలగడం ఎంత మేలో వైద్యం తెలిసినవారికి వేరే చెప్పనక్కర్లేదు: ఎముకల గట్టిదనం నిలవడానికి, మూత్రం, జీర్ణం సవ్యంగా సాగడానికి సాయపడుతుంది, పిరుదుల కింద పుండ్లు పడే ముప్పు తగ్గుతుంది, పైగా ఎదుటి మనిషి కళ్లలోకి సమానంగా చూసి మాట్లాడే వీలు కలుగుతుంది. అదే ప్రయోగశాలలో పుట్టిన నియోమోషన్ సంస్థ మనిషి కొలతల ప్రకారం 18 రకాలుగా సర్దుకోగల ‘నియోఫ్లై’ కుర్చీని, దానికి ముందు తగిలించుకుంటే గంటకు 25 కిలోమీటర్ల వేగంతో రోడ్డు మీద నడిచే ‘నియోబోల్ట్’ అనే మోటారు బండిని 2021లో అమ్మకానికి పెట్టింది. మోకాలి పైనుంచి కాలు పోయినవారి కోసం ‘కదమ్’ అనే కృత్రిమ మోకాలు 2022లో వచ్చింది. తొమ్మిది కిలోల బరువున్న ‘వైడీ వన్’ కుర్చీ 2025లో వచ్చింది. పక్షవాతంతో చచ్చుబడిన చేతికి వ్యాయామం చేయించే ‘ప్లూటో’ అనే రోబోను ఐఐటీ మద్రాసు, వెల్లూరు సీఎంసీ కలిసి రూపొందించాయి.

ఐఐటీ ఢిల్లీ ‘స్మార్ట్‌కేన్’ కథ ఇంకా పాతది. చూపులేనివారి చేతికర్రకు తగిలించుకునే ఆ చిన్న పరికరం అతిధ్వని తరంగాలతో, కర్రకు నేల మీద తగలని అడ్డంకులను, అంటే వేలాడే కొమ్మలను, లారీ వెనక బయటికి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలను, మూడు మీటర్ల దూరం నుంచే పసిగట్టి చేతిలో కంపనంతో హెచ్చరిస్తుంది. ఆచార్య ఎం. బాలకృష్ణన్ మార్గదర్శనంలో 2005లో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన ఆ పని 2014లో, సుమారు 3,000 రూపాయల ధరకు, మార్కెట్లోకి వచ్చింది. తొమ్మిదేళ్లు పట్టింది. అదీ వెల్‌కమ్ ట్రస్ట్ అనే విదేశీ దాతృత్వ సంస్థ డబ్బు పెట్టి, చెన్నైలోని ఫీనిక్స్ మెడికల్ సిస్టమ్స్ తయారీకి ముందుకొచ్చి, సక్షమ్ ట్రస్ట్ వాడకందారులను వెతికి పెట్టి, ఇంతమంది చేయి వేస్తే అయింది. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ కర్ర ఒక పరిశోధన పత్రంగా మిగిలిపోయేదని నా నమ్మకం. అలా మిగిలిపోయినవి ఎన్నో మనకు లెక్క తెలియదు, ఎందుకంటే బయటికి రానివాటి లెక్క ఎవరూ రాయరు.

మన వైపు నుంచి ఒక పాత ఉదాహరణ గుర్తుచేస్తాను. 1990ల్లో హైదరాబాద్ నిమ్స్ ఎముకల విభాగంలో మూడు కిలోల బరువున్న ఇనుప క్యాలిపర్లు, అంటే కాళ్లకు ఆసరాగా కట్టే చట్రాలు, వేసుకుని కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్న పిల్లలను చూసి, అబ్దుల్ కలాం గారి బృందం అగ్ని క్షిపణికి వాడే మిశ్రమ పదార్థంతో 300 గ్రాముల క్యాలిపర్లు చేసి ఇచ్చింది. ఆ పని వారాల్లో పూర్తయిందని కలాం గారు తన ప్రసంగాల్లో ఎన్నోసార్లు చెప్పుకున్నారు. అది విశ్వవిద్యాలయంలో కాక రక్షణ పరిశోధన సంస్థలో జరిగినా, అందులో మనం గమనించాల్సిన సంగతి ఒకటుంది. అక్కడ డాక్టరు, ఇంజినీరు, ఆ క్యాలిపర్ వేసుకునే పిల్లవాడు ఒకే గదిలో ఉన్నారు. బరువు ఎంత తగ్గాలో పిల్లవాడి నడకే చెప్పింది.

ఇప్పుడు లోటు ఎక్కడుందో నాకు తెలిసినంతలో చెబుతాను. పరికరం కనిపెట్టడం విశ్వవిద్యాలయం పని, తయారు చేయడం కంపెనీ పని, అవసరమైనవారికి పంచడం మీ విభాగం పని అని మనం పంచుకున్నాం. ఈ మూడింటి మధ్యలో మరో మూడు పనులున్నాయి. మొదటిసారి కొనే సాహసం చేయడం, మనిషి కొలత తీసి అమర్చి వాడకం నేర్పడం, ఏళ్ల తరబడి బాగుచేస్తూ ఉండటం. ఇవి ఎవరి పని అన్నది ఎక్కడా రాసి లేదు. ఎవరి పనీ కాని చోటే పరికరం ఆగిపోతోంది.

నేను చూసిన ఒక సంగతి చెప్పనివ్వండి. పోలియోతో నడుము, కాళ్లు సన్నబడి, నలభై కిలోలు కూడా తూగని ఒక మహిళకు ఉచిత ఉపకరణాల శిబిరంలో చక్రాల కుర్చీ ఇచ్చారు. అందరికీ ఇచ్చిన కుర్చీయే, సీటు వెడల్పు పద్దెనిమిది అంగుళాలు. ఆమెకు కావాల్సింది పద్నాలుగు. చక్రాలను తోయాలంటే చేతులు రెక్కల్లా పక్కకు చాచాల్సి వచ్చేది, ఒక పక్కకు ఒరిగిపోతున్నానని పక్కన మడత పెట్టిన దుప్పటి కుక్కుకునేది, పాదాలు ఫుట్‌రెస్టుకు అందక కింద వేలాడేవి. కొన్ని నెలలకు కూర్చునే ఎముక దగ్గర పుండు పడింది. అది మానడానికి అయిన ఖర్చు, ఆస్పత్రికి తిరగడానికి కూతురు మానుకున్న కూలి రోజులు ఏ శిబిరం లెక్కల్లోనూ లేవు. ఇప్పుడా కుర్చీ వాళ్ల వసారాలో బియ్యం బస్తా పెట్టుకోవడానికి పనికొస్తోంది. శిబిరం రికార్డులో మాత్రం ఆమె లబ్ధిదారు.

దీన్ని ఎవరి మీదా నెపం మోపడానికి చెప్పడం లేదు. శిబిరంలో పనిచేసిన సిబ్బంది ఆ రోజు తిండి మాని పనిచేశారు. కానీ వాళ్లకు అప్పజెప్పిన పని కుర్చీలు పంచడం వరకే, మనిషికి సరిపోయే కుర్చీ అమర్చడం కాదు. 1981 నుంచి నడుస్తున్న మీ ఏడిప్ పథకం లక్షలాది పేదలకు ఆసరా. నెలాదాయం 22,500 రూపాయలు దాటని కుటుంబానికి పూర్తి ఉచితంగా, 30,000 వరకు ఉన్నవారికి సగం ధరకు ఉపకరణాలు ఇచ్చే పథకం మరొకటి లేదు. అందుకే ఈ పథకం ఏ వస్తువును, ఏ పద్ధతిలో కొంటుందన్నదే దేశంలో సహాయక పరికరాల మార్కెట్ రూపురేఖలను నిర్ణయిస్తోంది. పెద్ద మొత్తంలో ఒకే రకం వస్తువు, అందరికంటే తక్కువ ధర కోట్ చేసినవారి దగ్గర కొనే పద్ధతిలో, కొలతల ప్రకారం సర్దుకునే కుర్చీ గెలవడం కష్టం. దాని ధరలో కొలత తీసే మనిషి శ్రమ, అమరిక, తర్వాతి సేవ కలిసి ఉంటాయి. పోటీలో ఉన్న మరో కుర్చీ ధరలో అవి ఉండవు. రెండింటినీ ఒకే వరుసలో నిలబెట్టి అంకె ఒక్కటే చూస్తే తీర్పు ముందే రాసేసినట్టు.

మార్కెట్లో తనంతట తాను కొనుక్కోమంటే ఆ దారి కూడా మూసే ఉంది. విడుదలైనప్పుడు నియోఫ్లై ధర 39,900 రూపాయలు, నియోబోల్ట్ 55,000 రూపాయలు. దిగుమతి కుర్చీల పక్కన పెడితే ఇవి న్యాయమైన ధరలే. కానీ తెలంగాణలో దివ్యాంగుల పింఛను నెలకు 4,016 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి 6,000 రూపాయలు. ఆ కుర్చీ ఒక్కటి కొనాలంటే తెలంగాణలోని పింఛనుదారు దాదాపు పది నెలలు పూర్తిగా పస్తుండాలి. కుర్చీ, బండి రెండూ కావాలంటే ఆంధ్రలోని పింఛనుదారుకు దాదాపు పదహారు నెలల పింఛను మొత్తం కావాలి. మరోవైపు అదే బండితో చెన్నై వంటి నగరాల్లో కొందరు ఆహారం డెలివరీ చేసి సంపాదించుకుంటున్నారు. అంటే పరికరం తన ధరను తానే సంపాదించి పెట్టగలదు, మొదటి అడుగు వేయించే చేయి ఒకటి కావాలి, అంతే. ఆ చేయి ఇప్పుడు ఏదో ఒక కంపెనీ సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధి రూపంలో, ఎవరి అదృష్టం బాగుంటే వారికి అందుతోంది.

కాబట్టి మొదటి విన్నపం. ఏడిప్ కింద ఒక మనిషికి ఖర్చు చేయదలచుకున్న మొత్తాన్ని ఆ మనిషి పేరు మీద వోచరుగా ఇవ్వండి. ప్రమాణాలు పరీక్షించి మీరు ఆమోదించిన పరికరాల జాబితా నుంచి ఆమె తనకు కావలసినది ఎంచుకోనివ్వండి, పైన పడే సొమ్ము రాష్ట్ర ప్రభుత్వం నుంచో, బ్యాంకు రుణం నుంచో, దాతల నుంచో కలుపుకునే వీలు కల్పించండి. ఆ జాబితాలోకి కానూరు, కాజీపేట కాలేజీల్లో పుట్టిన పరికరమైనా సరే, పరీక్ష నెగ్గితే ఏడాదిలో ఎప్పుడైనా చేరే వీలుండాలి. కొలతకు, అమరికకు, వాడకం నేర్పడానికి విడిగా రుసుము చెల్లించండి. ఇది పరికరం ధరలో కలిసిపోతే మొదట కోత పడేది దానికే.

ఎంచుకోమంటే ముందు చూడాలి కదా. పరికరాన్ని ముట్టుకోకుండా, వారం రోజులు ఇంట్లో వాడి చూడకుండా ఎవరూ నిర్ణయించుకోలేరు. మా ప్రాంతంలో ఇళ్ల గుమ్మాలు ఎత్తుగా ఉంటాయి, బాత్రూం వెడల్పు రెండడుగులు, వీధిలో సగం దూరం సీసీ రోడ్డు, మిగతా సగం గులకరాళ్లు. చెన్నై ప్రయోగశాల నున్నటి నేల మీద చక్కగా తిరిగిన కుర్చీ ఇక్కడ ఏం చేస్తుందో ఇక్కడే తెలుస్తుంది. నెల్లూరులో దివ్యాంగుల పునరావాసానికి మీ కాంపోజిట్ రీజినల్ సెంటర్ ఉంది, సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం మీ జాతీయ సంస్థ ఉంది, జిల్లా పునరావాస కేంద్రాలున్నాయి. పుస్తకాలు అరువిచ్చే గ్రంథాలయంలా ఈ కేంద్రాలు పరికరాలు అరువిచ్చే చోట్లు కావాలి. నెల రోజులు వాడి, సరిపోతే వోచరుతో తీసుకుంటారు, లేకపోతే తిరిగిస్తారు, ఎందుకు తిరిగిచ్చారో రాసిస్తారు. ఆ రాసిచ్చిన కాగితాలు తిరిగి ఐఐటీకి, కంపెనీకి చేరితే, ఏ పరిశోధన నిధీ కొనలేనంత సమాచారం వాళ్లకు చేరుతుంది.

జపాన్ ఈ పని పెద్ద ఎత్తున చేసింది. అక్కడ 2000 సంవత్సరం నుంచి అమల్లో ఉన్న వృద్ధుల సంరక్షణ బీమా కింద చక్రాల కుర్చీలు, మంచాలు వంటి పరికరాలను అద్దెకు తీసుకోవచ్చు. అద్దెలో చాలా భాగం బీమా భరిస్తుంది. అవసరం మారితే పరికరం మార్చుకుంటారు, పాతదాన్ని శుభ్రం చేసి మరొకరికి ఇస్తారు. సుకుబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు యోషియుకి సాంకాయ్ తన పరిశోధనను బయటికి తేవడానికి 2004లో సైబర్‌డైన్ సంస్థ పెట్టారు. ఒంటికి తొడుక్కుంటే నడవడానికి సాయపడే ఆయన ‘హాల్’ రోబోను ఆస్పత్రులకు ప్రధానంగా అద్దెకే ఇచ్చారు. 2016లో జపాన్ ప్రభుత్వ ఆరోగ్య బీమా ఎనిమిది అరుదైన నరాల, కండరాల జబ్బులకు ఆ రోబోతో చేసే చికిత్సకు డబ్బు చెల్లించడానికి ఒప్పుకుంది. విశ్వవిద్యాలయం నుంచి రోగి దాకా ఆ యంత్రం నడిచి వచ్చిన దారిలో కీలకమైన మలుపు అదే అని నేననుకుంటాను. యంత్రం 2016లో కొత్తగా మెరుగుపడలేదు, దానికి డబ్బు చెల్లించేవారు దొరికారు.

రోబోల విషయంలో నా అభిప్రాయం కొంత వేరు, దాన్ని దాచకుండా చెబుతాను. చికిత్స కోసం వాడే రోబోను ప్రతి ఇంటికీ అమ్మాలని చూడటం సరికాదు. పక్షవాతం వచ్చిన చేతి వేళ్లు విప్పాలంటే ఒక్కో కదలికను వందలసార్లు చేయించాలి. నేను ఒక మనిషికి అరగంట ఇవ్వగలను, ఆ అరగంటలో ఆ సంఖ్యలో పదో వంతు కూడా రాదు. ప్లూటో వంటి యంత్రంలో ఒకే మోటారుకు రకరకాల పిడులు మార్చి, మణికట్టు వంచడం, ముంజేయి తిప్పడం, గుప్పెట తెరవడం మూయడం, అన్నీ తెర మీద ఆటలు ఆడుతూ చేయించవచ్చు. రోగి ప్రయత్నించినంత మేర తనే చేస్తాడు, మిగిలింది యంత్రం అందిస్తుంది. అలాంటిది ఒక ఏరియా ఆస్పత్రిలో ఒకటి ఉంటే, ఒక థెరపిస్టు పర్యవేక్షణలో రోజంతా పలువురికి పనికొస్తుంది. కేరళలో కుట్టిపురం ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు పెట్టిన జెన్‌రోబోటిక్స్ సంస్థ నడక నేర్పే ‘జీ-గైటర్’ రోబోను తయారుచేస్తే, దాన్ని తిరువనంతపురం జనరల్ ఆస్పత్రిలో పెట్టారు. ప్రభుత్వ ఆస్పత్రి మొదటి కొనుగోలుదారుల్లో ఒకటైతే కంపెనీ నిలబడుతుంది, డబ్బులేని రోగికీ ఆ చికిత్స దక్కుతుంది. మన రెండు రాష్ట్రాల్లో ఆరోగ్యశ్రీగా మొదలై నడుస్తున్న ఆరోగ్య పథకాలు, ఆయుష్మాన్ భారత్ శస్త్రచికిత్సకు లక్షలు చెల్లిస్తాయి. ఆ తర్వాత మనిషి తన చేత్తో గ్లాసు పట్టుకోగలిగేలా చేసే పునరావాసానికి, సెషన్‌కు ఇంత అని చెల్లించే పద్దు ఉండాలి. అది ఆరోగ్య శాఖ పరిధి అని నాకు తెలుసు. వారితో కూర్చుని ఆ పద్దు రాయించగలిగేది మీరే.

అలాగే, రోబో అన్న పేరు వినగానే నిధులు వచ్చి, మంచి మెత్త కోసం అడిగితే రాని పరిస్థితి కూడా మారాలి. వెన్నుపూస దెబ్బతిన్నవారిలో చాలామందికి తక్షణం కావలసింది పుండు పడనివ్వని కుషన్, మూత్రం గొట్టాలు, సరైన కుర్చీ. వాటిపై పరిశోధన చేసే విద్యార్థికి వార్తాపత్రికలో ఫొటో రాదు. కానీ మీ విభాగం పరిశోధనకు ఇచ్చే నిధుల్లో వాటికంటూ కొంత వాటా పక్కన పెడితే, ఆ పని చేయడానికి ముందుకొచ్చేవాళ్లు ఉన్నారు.

ఇక విశ్వవిద్యాలయాల వైపు. ఒక ఇంజినీరింగ్ కాలేజీ ప్రదర్శనకు నన్ను పిలిచారు. చేతులు పనిచేయనివారికి అన్నం తినిపించే రోబో చేయిని ఆఖరి ఏడాది విద్యార్థులు చేశారు. యాక్రిలిక్ పలకలు, చిన్న సర్వో మోటార్లు, చివర స్టీలు చెంచా. గిన్నెలో బొరుగులు పోసి చూపించారు, చెంచా చక్కగా నోటి దాకా వచ్చింది. క్యాంటీన్ నుంచి పప్పన్నం తెప్పించమన్నాను. ముద్ద చెంచాకు అంటుకుని విడిపోలేదు, మెతుకులు మెడ మీద పడ్డాయి, చారు పోసిన అన్నం దారిలోనే కారిపోయింది. ఆ పిల్లలు చిన్నబుచ్చుకోలేదు. గిన్నె అంచు లోపలికి వంచాలని, చెంచా లోతు పెంచాలని, తినే మనిషి తల ఎటు తిప్పినా చెంచా ఆగాలని అక్కడికక్కడే రాసుకున్నారు. ఇంకో ఏడాది ఉంటే అది నిజంగా ఒకరికి అన్నం పెట్టేది. కానీ రెండు నెలలకు వాళ్లకు ఉద్యోగాలొచ్చాయి. తర్వాత వెళ్లినప్పుడు ఆ చేయి బీరువా పైన అట్టపెట్టెలో ఉంది, దాని కింద బహుమతి సర్టిఫికెట్ ఫ్రేము కట్టి ఉంది.

అది ఆ పిల్లల తప్పు కాదు, వాళ్ల గురువుల తప్పూ కాదు. విశ్వవిద్యాలయాలకు ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ లెక్కల్లో పరిశోధన పత్రాలకు, పేటెంట్లకు విలువ ఉంది, ఒక పరికరం ఎంతమంది దివ్యాంగుల ఇళ్లలో ఏడాది తర్వాత కూడా పనిచేస్తోందన్నదానికి లేదు. మీరు నిధులిచ్చే ప్రతి ప్రాజెక్టుకూ మూడు షరతులు పెట్టమని కోరుతున్నాను. మొదటి రోజు నుంచే ఆ వైకల్యం ఉన్నవారు బృందంలో జీతం తీసుకునే సభ్యులుగా ఉండాలి, చివర్లో ఫొటోకు పిలిచే అతిథులుగా కాదు. విద్యార్థి వెళ్లిపోయినా పని కొనసాగించే ఇంజినీరు జీతానికి ప్రాజెక్టు తర్వాత కనీసం రెండేళ్ల నిధి ఉండాలి. తయారీ చేపట్టే సంస్థకు హక్కులు ఇచ్చేటప్పుడు రుసుము నామమాత్రంగా ఉండి, నిర్ణీత గడువులో తయారు చేయకపోతే ఆ హక్కులు వెనక్కి రావాలి. ప్రజల డబ్బుతో పుట్టిన డిజైను ఎవరి సొరుగులోనూ నిద్రపోకూడదు.

పరీక్షల ఖర్చు గురించి క్లుప్తంగా చెబుతాను. చిన్న సంస్థలకు విద్యుత్ భద్రత, రేడియో జోక్యం, మన్నిక పరీక్షలకయ్యే ఖర్చు ఒక్కోసారి నమూనా తయారీ ఖర్చును మించిపోతుంది. విశాఖపట్నంలోని మెడ్‌టెక్ జోన్‌లో ఆ ప్రయోగశాలలు ఒకే ఆవరణలో ఉన్నాయి, హైదరాబాద్ టీ-వర్క్స్‌లో నమూనాలు చేసే యంత్రాలున్నాయి, ఐఐటీ హైదరాబాద్‌లో వైద్య పరికరాల సంస్థలను పెంచే కేంద్రం ఉంది. సహాయక పరికరాలకు పరీక్ష రుసుమును మీ విభాగమే నేరుగా ఆ ప్రయోగశాలలకు చెల్లించే ఏర్పాటు చేస్తే, విద్యార్థి సంస్థలు ఏడాది ముందుకు జరుగుతాయి.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది మరమ్మతు. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకుల కృషితో ముడిపడిన ‘ఆర్గస్-2’ అనే కృత్రిమ రెటీనాను సెకండ్ సైట్ సంస్థ ప్రపంచవ్యాప్తంగా 350 మందికి పైగా రోగుల కళ్లలో అమర్చింది. 2019లో సంస్థ దాని తయారీ ఆపేసింది, మరుసటి ఏడాది దాదాపు మూతబడింది. పరికరం పాడైనవారికి విడిభాగం లేదు, అడగడానికి మనిషి లేడు, కంట్లో యంత్రం మాత్రం ఉంది. ఆ దేశంలోనే అలా జరిగితే, మా ఊళ్లో కొత్త కంపెనీ బండి కొనమని నేను ఏ ధైర్యంతో చెప్పాలి? దివ్యాంగుడికి పరికరం ఆగిపోవడమంటే ఫోను పాడైనట్టు కాదు. ఆ రోజు నుంచి ఉద్యోగానికి వెళ్లలేడు, పెన్షన్ ఆఫీసుకు వెళ్లలేడు, ఒక్కోసారి బాత్రూంకీ వెళ్లలేడు.

అందువల్ల ప్రభుత్వ సొమ్ముతో కొన్న ప్రతి పరికరానికీ కనీసం ఏడేళ్లు విడిభాగాలు దొరుకుతాయన్న ఒప్పందం ఉండాలి. సంస్థ మూతబడితే దాని డ్రాయింగులు, సర్క్యూట్లు, సాఫ్ట్‌వేర్ ఎవరైనా తయారు చేసుకునేలా విడుదలయ్యేందుకు ముందుగానే వాటిని ఒక ప్రభుత్వ సంస్థ దగ్గర జమ చేయించాలి. టైరు, ట్యూబు, బేరింగు వంటివి సాధ్యమైనంత వరకు సైకిల్ షాపులో దొరికే కొలతల్లోనే వాడాలని డిజైను దశలోనే చెప్పాలి. మండలానికి ఇద్దరు సైకిల్, టూవీలర్ మెకానిక్‌లకు శిక్షణ ఇచ్చి, చేసిన పనికి బిల్లు చెల్లిస్తే, మరమ్మతు కోసం జిల్లా కేంద్రానికి ఆటో కట్టించుకుని వెళ్లే బాధ తప్పుతుంది. వాళ్లలో కొందరు దివ్యాంగులే అయితే ఇంకా మంచిది.

డబ్బు పరిమితమని, ఒకరికి ఇచ్చే ఖరీదైన కుర్చీ ధరకు నలుగురికి మామూలు కుర్చీలు ఇవ్వొచ్చని మీ అధికారులు అంటారని నాకు తెలుసు. ఆ వాదన తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారమే దేశంలో 2.68 కోట్ల మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షల మందికి పైగా దివ్యాంగులు ఉన్నారు. అందరికీ అందాలి. కానీ నలుగురికి ఇచ్చిన కుర్చీల్లో ఎన్ని వాడకంలో ఉన్నాయో తెలియకుండా ఆ నాలుగు అంకెను నమ్మడం సాధ్యం కాదు. బస్తా మోస్తున్న కుర్చీ ఉచితంగా ఇచ్చినా ఖరీదైనదే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 28వ సెక్షన్ పునరావాస పరిశోధన చేయించమంటోంది, 43వ సెక్షన్ దివ్యాంగులకు అనువైన వినియోగ వస్తువుల అభివృద్ధిని, ఉత్పత్తిని, పంపిణీని ప్రోత్సహించమంటోంది. పరిశోధన, ఉత్పత్తి, పంపిణీ అనే మూడు మాటలూ చట్టంలోనే ఉన్నాయి. వాటిని కలిపే నియమాలు రాయడం మీ చేతుల్లో ఉంది.

ఏడిప్ మార్గదర్శకాలను తిరిగి రాసే ముందు ముసాయిదాను తెలుగుతో సహా అన్ని భాషల్లో, స్క్రీన్ రీడర్ చదవగలిగే రూపంలో పెట్టి, కనీసం రెండు నెలలు అభిప్రాయాలు తీసుకోండి. ఇచ్చిన పరికరాల్లో ఏడాది తర్వాత ఎన్ని వాడకంలో ఉన్నాయో జిల్లాలవారీగా ప్రకటించడం ఈ ఏడాది నుంచే మొదలుపెట్టండి. దానికి కొత్త పథకం అక్కర్లేదు, లబ్ధిదారుల ఫోన్ నంబర్లు మీ దగ్గరే ఉన్నాయి. మా జిల్లాలో ఆ ఫోన్లు చేయడానికి, అవసరమైతే ఇళ్లకు వెళ్లి చూసి రావడానికి నాతోపాటు మరికొందరు థెరపిస్టులు సిద్ధంగా ఉన్నారు. ఎవరికి నివేదించాలో చెప్పండి చాలు.

భవదీయురాలు,
ఒక ఫిజియోథెరపిస్టు, ఆంధ్రప్రదేశ్